మిత్రపురుగుకు ముందు మేత: పురుగుతో పురుగును అదుపు చేయడం ఎందుకు? ఎలా?

అన్నవరం కొండ మీద వ్రతానికి కూర్చున్నప్పుడు మన ముందు ఏముంటాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు, మామిడాకులు, కలశం మీద కొబ్బరికాయ, పళ్లెంలో పసుపు కలిపిన అక్షింతలు. ఇవన్నీ ఏదో ఒక పొలంలో, ఏదో ఒక తోటలో పండినవే. పీట ముందుకు వచ్చేలోగా వీటిలో ప్రతి ఆకు మీదా, ప్రతి కాయ మీదా ఏదో ఒక పురుగు కన్ను వేసే ఉంటుంది. అయినా మన దాకా చేరాయంటే రైతు కష్టం ఒక కారణం. ఆ పురుగుల్ని తినే పురుగులు ఉండటం రెండో కారణం. ఈ రెండో కారణం గురించి మనం మాట్లాడుకునేది తక్కువ.

ఆ పళ్లెంలోని అక్షింతల పేరునే మన పెద్దలు ఒక పురుగుకు పెట్టారు. ఎర్రటి వీపు మీద నల్లచుక్కలతో గుండ్రంగా మెరిసే చిన్న పెంకుపురుగు అది. అదే అక్షింతల పురుగు. బొబ్బర చేలో పేనుబంక పట్టిన కొమ్మను తిప్పి చూస్తే అక్కడే ఉంటుంది. అదీ, దాని పిల్లలూ కలిసి పేనుబంకను వరసగా తినుకుంటూ పోతాయి. అయితే ఒక జాగ్రత్త అవసరం. వంగ తోటలో ఆకును గీకి జల్లెడలా చేసే పురుగునూ మన రైతులు అక్షింతల పురుగనే అంటారు. దాని వీపు మెరవదు, సన్నటి నూగుతో మసకగా ఉంటుంది. వీపు నున్నగా మెరుస్తుంటే ఎక్కువగా మన మిత్రుడే.

ఇలాంటి మిత్రుల్ని గదిలో పెట్టి లక్షల్లో పెంచి, తోటల్లో వదిలే పని మన గోదావరి జిల్లాల్లోనే జరుగుతోంది. కోనసీమలోని అంబాజీపేటలో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన స్థానం ఉంది. అక్కడి ప్రయోగశాలలో కొబ్బరి పురుగుల మీదకు పంపే మిత్రపురుగుల్ని పెంచుతారు. ఆ పని ఎందుకు అవసరమైంది, ఎలా చేస్తారు, తోటలో ఎలా వాడాలి అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

ప్రకృతిలో మిత్రపురుగులు ఉన్నాయిగా, మళ్లీ పెంచడం ఎందుకు?

ఉన్నాయి. కానీ అవి ఆలస్యంగా వస్తాయి. మేత పెరిగాకే మేసేవి పెరుగుతాయి. చేలో పేనుబంక బాగా ముదిరాక గానీ అక్షింతల పురుగులు గుంపులుగా చేరవు. ఈ రెంటికీ మధ్య గడిచే రెండు మూడు వారాల్లోనే రైతు పంట పోతుంది. ఆ ఎడం పూడ్చడానికే ముందుగా పెంచి పెట్టుకున్న పురుగుల్ని వదులుతారు.

రెండో కారణం కొత్తగా దేశంలోకి వచ్చిన పురుగులు. సర్పిలాకార తెల్లదోమ సంగతే తీసుకోండి. మధ్య అమెరికా వైపు పుట్టిన ఈ దోమ మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో కనిపించింది. ఆ ఏడాది చివరికే మన కడియం నర్సరీల దాకా వచ్చింది. దేశం నలుమూలలకూ మొక్కలు పంపే ఊరు కడియం. అక్కడ దిగిన పురుగు అక్కడితో ఆగదు. ఆకు అడుగున చుట్టలు చుట్టినట్టు గుడ్లు పెట్టి, వాటి మీద తెల్లటి మైనం పూస్తుంది కాబట్టే దానికి ఆ పేరు. ఆకు రసం పీల్చి, జిగట తేనె కారుస్తుంది. ఆ జిగట మీద నల్లటి మసి పెరుగుతుంది. కింద వేసిన అరటి, కోకో ఆకులు కూడా మసి కమ్మి పొయ్యి మీద కుండలా తయారవుతాయి. పుట్టిన చోట ఈ దోమను తినే జీవులు చాలా ఉంటాయి. కొత్త ఊళ్లో దాన్ని గుర్తుపట్టి తినేవి మొదట్లో ఉండవు.

మూడో కారణం మన చేతులారా చేసుకున్నది. మందు కొట్టిన ప్రతిసారీ శత్రువుతో పాటు మిత్రుడూ చస్తాడు. శత్రువు త్వరగా తేరుకుంటుంది, మిత్రుడికి అంత వేగం లేదు. వరిలో సుడిదోమ ఇలా ముదరడం గోదావరి రైతులకు అనుభవమే. సుడిదోమ గుడ్లను పీల్చి తినే మిరిడ్ నల్లులు, దోమను పట్టే సాలీళ్లు పొలంలో ఉంటాయి. పైరిత్రాయిడ్ రకం మందులు తొందరపడి కొడితే ముందు ఇవి పోతాయి. తర్వాత దోమ మరింత ఉద్ధృతంగా లేస్తుంది.

కొబ్బరికి మందు కొడితే సరిపోదా?

కొబ్బరి చెట్టు ఎత్తు చూడండి. యాభై అరవై అడుగుల పైనున్న మట్టల అడుగు భాగానికి మందు చేర్చడం ఎంత కష్టమో ఆ పని చేయించినవారికి తెలుసు. కొట్టిన మందులో సగం గాలికి పోతుంది, కొంత కింద అంతరపంట మీద పడుతుంది, కొంత పక్కనున్న కాలువలో, చేపల చెరువులో కలుస్తుంది. పైగా కొబ్బరి ఏడాదంతా కాసే చెట్టు. ఒక గెల దింపుతుంటే ఇంకో గెల పూత మీద ఉంటుంది. ఆ పూత మీద తేనెటీగలు ఉంటాయి. లేత కాయల్ని నీళ్ల కోసం కొట్టుకుని తాగేది మనమే. అందుకే సర్పిలాకార తెల్లదోమ వచ్చినప్పుడు రసాయన మందుల జోలికి వెళ్లవద్దని శాస్త్రవేత్తలు మొదటి నుంచీ చెప్పారు.

వారి మాట నిలబడటానికి ఒక బుల్లి కందిరీగ కారణం. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే ఆ జీవి మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని ఎవరూ పనిగట్టుకుని తీసుకురాలేదు, దోమ వెళ్లిన చోటల్లా తోటల్లో అదే కనిపించింది. తెల్లదోమ పిల్ల ఒంట్లో గుడ్డు పెడుతుంది. లోపల పెరిగిన దాని పిల్ల ఆ దోమను డొల్ల చేసి బయటకు వస్తుంది. ఇలా వేరే పురుగు ఒంట్లోనో ఒంటి మీదో గుడ్డు పెట్టి దాన్ని చంపే జీవుల్ని బదనికలు అంటారు. అక్షింతల పురుగులా వెతికి పట్టుకుని తినేవి పరభక్షకాలు.

పురుగుతో పురుగును కొట్టడమన్న ఆలోచన ఎక్కడిది?

1880లలో కాలిఫోర్నియా నారింజ, నిమ్మ తోటలన్నీ ఒక తెల్లటి పిండిపురుగు పట్టి ఎండిపోతున్నాయి. అది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పురుగు. దాని పుట్టిల్లు వెతుక్కుంటూ ఆల్బర్ట్ కోబెలె అనే కీటక శాస్త్రవేత్త 1888లో ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడ దాన్ని తినే ఎర్రటి అక్షింతల పురుగును పట్టి పంపాడు. రొడోలియా అనే ఆ పురుగును తోటల్లో వదిలిన రెండేళ్లలోపే నారింజ తేరుకుంది. ఆధునిక జీవ నియంత్రణకు అందరూ చెప్పుకునే మొదలు ఇదే.

మన దేశానిదీ చిన్న కథ కాదు. బొప్పాయి తోటల్ని, మల్బరీని నాశనం చేసిన పిండినల్లి 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడింది. 2010లో ప్యూర్టోరికో నుంచి అసెరోఫాగస్ పపాయే అనే బదనికను తెప్పించి, బెంగళూరులో పెంచి రాష్ట్రాలకు పంచారు. పిండినల్లి అదుపులోకి వచ్చింది. ఆ పని చేసిన సంస్థను ఈ రోజు జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ అంటున్నాం. ఆఫ్రికాలో కోట్ల మందికి కూడు పెట్టే కర్రపెండలాన్ని పిండినల్లి నుంచి కాపాడింది పరాగ్వే నుంచి తెచ్చిన ఒక బదనికే. ఆ కృషి నడిపిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

గదిలో పెంపకం దేనితో మొదలవుతుంది?

మిత్రపురుగుతో మొదలవదు, దాని మేతతో మొదలవుతుంది. ఈ పనిలో అసలు మర్మం ఇదే. మాంసం తినే జీవిని లక్షల్లో పెంచాలంటే దానికి రోజూ మాంసం పెట్టాలి. తోటలోంచి పేనుబంకనో తెల్లదోమనో రోజూ ఏరి తేవడం అయ్యే పని కాదు. అందుకని చవగ్గా, ఏడాది పొడవునా, గదిలోనే పెరిగే మేత కావాలి. మన దేశంలోని జీవ నియంత్రణ ప్రయోగశాలలు చాలావాటికి ఆ మేత కోర్సిరా.

కోర్సిరా మీకు తెలియని పురుగేమీ కాదు. డబ్బాలో చాలాకాలం ఉన్న బియ్యం, రవ్వ ఉండలు ఉండలుగా గూళ్లు కట్టి, మూత తీయగానే బూడిదరంగు రెక్కల పురుగు ఎగురుతుంది చూడండి, అదే. ఇంట్లో మనం ఎండబెట్టి, చెరిగి వదిలించుకునే ఆ పురుగును ప్రయోగశాలలో జాగ్రత్తగా పెంచుతారు. అన్నవరం ప్రసాదానికి గోధుమ నూక ఎలాగో, ఈ మిత్రపురుగుల పెంపకానికి జొన్న నూక అలాగ. అన్నీ దాని మీదే ఆధారం.

జొన్నల్ని రెండు మూడు ముక్కలయ్యేలా మర ఆడించి, వేడి పెట్టిన పొయ్యిలో సుమారు వంద డిగ్రుల దగ్గర అరగంట ఉంచుతారు. గింజలో దాగిన పాత పురుగులు అంతటితో చస్తాయి. చల్లారాక పళ్లెం ఒక్కింటికి రెండున్నర కిలోల నూక పోస్తారు. అందులో 100 గ్రాముల వేరుశెనగ పొడి, 5 గ్రాముల ఈస్ట్, 5 గ్రాముల గంధకం పొడి కలుపుతారు. బ్యాక్టీరియా రాకుండా కొద్దిగా స్ట్రెప్టోమైసిన్ చల్లుతారు. వేరుశెనగ, ఈస్ట్ బలానికి. గంధకం మాత్రం నల్లి పట్టకుండా ఉండటానికి. పైన అర సీసీ కోర్సిరా గుడ్లు చల్లి, గుడ్డ కట్టి, అరల్లో సర్దేస్తారు.

ఇక ఎదురుచూపు. గుడ్డు పగిలి, పిల్లపురుగు నూకను దారాలతో గూడు కట్టుకుంటూ తిని, అందులోనే నిద్రావస్థకు వెళ్లి, రెక్కలతో బయటకు రావడానికి సుమారు 40 రోజులు పడుతుంది. అక్కడి నుంచి దాదాపు 50 రోజుల పాటు రోజూ కొన్ని రెక్కల పురుగులు వస్తూనే ఉంటాయి. వాటిని ఉదయమే పట్టి, అడుగున జాలీ ఉన్న పెట్టెల్లో వేస్తారు. తేనె నీళ్లు తాగి అవి పెట్టే గుడ్లు జాలీలోంచి కిందకు రాలతాయి. జల్లెడ పట్టి, రెక్కల పొడి, కాళ్ల ముక్కలు ఊది శుభ్రం చేస్తే గసగసాల్లాంటి గుడ్లు మిగులుతాయి. ఒక్క సీసీలో 16 నుంచి 18 వేల గుడ్లు పడతాయి.

ఈ పనిలో మనిషికి ఒక కష్టం ఉంది. కోర్సిరా రెక్కల నుంచి రాలే పొడి గాలిలో తేలుతుంది. ముక్కుకు గుడ్డ లేకుండా రోజూ ఆ గదిలో పనిచేసేవారికి తుమ్ములు, ఆయాసం పట్టుకుంటాయి. మిత్రపురుగుల్ని పెంచే చోట మొదట కాపాడవలసింది అక్కడ పనిచేసే ఆడవాళ్ల, మగవాళ్ల ఊపిరితిత్తుల్ని. మాస్కు, గాలి బయటకు లాగే ఫ్యాను లేకుండా ఈ పనికి ఎవరినీ పెట్టకూడదు.

గుడ్లకు అతినీలలోహిత కాంతి ఎందుకు చూపిస్తారు?

శుభ్రం చేసిన గుడ్లను అతినీలలోహిత దీపం కింద అరగంట నుంచి ముప్పావుగంట ఉంచుతారు. లోపలి పిండం చనిపోతుంది, గుడ్డు మాత్రం తాజాగానే ఉంటుంది. ఇలా చేయకపోతే మిత్రపురుగు తినేలోపే కోర్సిరా పిల్లలు పుట్టేస్తాయి. పుట్టిన పిల్లలు పక్కనున్న గుడ్లనూ పాడుచేస్తాయి.

ఈ గుడ్లను జిగురు పూసిన అట్టముక్క మీద చల్లి, ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగలకు పెడితే అవి ఒక్కో గుడ్డులో తమ గుడ్డు పెడతాయి. మూడు నాలుగు రోజుల్లో అట్ట మీది తెల్లటి గుడ్లు నల్లబడతాయి. రైతుల చేతికి వచ్చే ట్రైకోకార్డు అదే. వరిలో కాండం తొలుచు పురుగుకు, చెరకులో పీకపురుగుకు ఈ కార్డులు వాడతారు. అవే గుడ్లను మేతగా వాడి పరభక్షకాల్నీ పెంచుతారు.

అల్లికరెక్కల పురుగును ఒంటరిగా ఎందుకు పెంచాలి?

రాత్రి దీపం దగ్గరకు వచ్చే లేతాకుపచ్చ పురుగును మీరు చూసే ఉంటారు. రెక్కలు పలచటి వలలా అల్లినట్టు ఉంటాయి, కళ్లు బంగారు రంగులో మెరుస్తాయి. అదే అల్లికరెక్కల పురుగు. రైతులు క్రైసోపా అని కూడా అంటారు. దాని గుడ్డు ఎప్పుడైనా కనిపిస్తే కాసేపు ఆగి చూడండి. ఆకు మీద వెంట్రుకంత సన్నటి కాడ నిలబెట్టి, ఆ కాడ చివర బియ్యపు గింజలో పదో వంతున్న లేతాకుపచ్చ గుడ్డు పెడుతుంది. ఒక్కో గుడ్డు ఒక్కో కాడ మీద ఉంటుంది. అన్నీ కలిసి చిన్న గుండుసూదుల్ని గుచ్చినట్టు కనిపిస్తాయి.

ఇంత శ్రమ ఎందుకంటే దాని పిల్లలు పుట్టగానే ఎదురుగా ఏముంటే అది తింటాయి, తోడబుట్టినవైనా సరే. ముందు పుట్టినది పక్క గుడ్డును తినేయకుండా తల్లి చేసిన ఏర్పాటే ఆ కాడ.

ఆ గుణమే పెంపకంలో పెద్ద చిక్కు. అందుకే మొదటి మూడు రోజులు గుడ్లను పుష్కలమైన కోర్సిరా గుడ్లతో కలిపి ఒకే డబ్బాలో ఉంచుతారు. తర్వాత ప్రతి పిల్లనూ విడిగా, అంగుళం వెడల్పున్న ప్లాస్టిక్ గళ్లలో వేసి, గడి గడికీ లెక్కగా గుడ్లు వేస్తారు. ఎనిమిది పది రోజులు తిన్నాక అవి తెల్లటి గుండ్రటి గూళ్లు కట్టుకుంటాయి. రెక్కలొచ్చాక ఇవి మాంసం ముట్టవు. తేనె, పుప్పొడి, ఈస్ట్, ప్రొటీన్ పొడి కలిపి పెడితే తిని, డబ్బా మీద కప్పిన నల్లగుడ్డకు గుడ్లు పెడతాయి. ఇంత పని అంతా చేత్తో చేసేదే. ట్రైకోకార్డు కంటే ఇవి ఖరీదు కావడానికి కారణం ఇదే.

సర్పిలాకార తెల్లదోమ మీద అంబాజీపేట శాస్త్రవేత్తలు ఈ కుటుంబంలోనే డైకోక్రైసా ఆస్టర్ అనే దాన్ని పట్టుకున్నారు. కొబ్బరి తోటల్లో సహజంగా ఉండి తెల్లదోమ గుడ్లను, పిల్లల్ని తినేది అది. దాని పిల్ల తిన్న దోమల తొక్కల్నీ, మైనపు పీచునూ వీపు మీద మోసుకుని తిరుగుతుంది. చీమల కంట్లో పడకుండా అదే దాని ముసుగు. ఆకు అడుగున తెల్లటి చెత్త కుప్ప ఒకటి నెమ్మదిగా కదులుతుంటే దాన్ని దులిపేయకండి. దాన్నే కోర్సిరా గుడ్ల మీద పెంచి తోటలకు పంపుతున్నారు.

నల్లతల పురుగు మీద గోనియోజస్ ఎలా పనిచేస్తుంది?

ఎండాకాలంలో కొబ్బరి కింది మట్టలు కాల్చినట్టు ఎండిపోవడం చూసే ఉంటారు. అది నల్లతల గొంగళి పని. ఆకు అడుగున తన రెట్టతో, దారంతో సొరంగం కట్టుకుని, అందులో దాగి పచ్చదనం గీకి తింటుంది. మందు ఆ సొరంగంలోకి పోదు. గోనియోజస్ పోతుంది.

చీమంత ఉండే ఈ నల్లటి కందిరీగ తల్లి సొరంగంలో దూరి గొంగళిని కుడుతుంది. గొంగళి కదలకుండా పడి ఉంటుంది, వెంటనే చావదు. అప్పుడు దాని ఒంటి మీద కొన్ని గుడ్లు వరసగా పెట్టి, అక్కడే కాపలా కూర్చుంటుంది. పిల్లలు ఆ గొంగళి రసం పీల్చి పెరిగి, గూళ్లు కట్టుకునే దాకా కదలదు. మధ్యలో వేరే జీవి వస్తే తరిమేస్తుంది. కీటకాల్లో ఇలాంటి తల్లి కాపలా అరుదు. ప్రయోగశాలలో దీన్ని పెంచడానికి సన్నటి గాజు గొట్టంలో ఒక కోర్సిరా గొంగళిని, ఒక తల్లి గోనియోజస్‌ను వేసి, దూది బిరడా పెడతారు. రెండు వారాల్లోపే కొత్త తరం సిద్ధమవుతుంది.

బ్రాకాన్ అనే ఇంకో బదనికనూ నల్లతల పురుగు మీదకే వదులుతారు. కానీ బ్రాకాన్‌తో ప్రయోగశాల వాళ్లు ఎప్పుడూ అప్రమత్తంగా ఉంటారు. ఒక్కటి తప్పించుకుని కోర్సిరా గదిలో పడితే చాలు, పళ్లాల్లోని గొంగళుల్ని కుట్టి కుట్టి నెల రోజుల కష్టాన్ని ఖాళీ చేస్తుంది. తోటలో మేలు చేసేదే ఇక్కడ దొంగ అవుతుంది. అందుకే మేత పెంచే గది ఒకవైపు, బదనికల గది దానికి దూరంగా ఇంకోవైపు ఉండాలి. మనిషి కూడా ఉదయం ముందు కోర్సిరా గదిలో పని చేసుకునే బదనికల గదికి వెళ్లాలి, అటునుంచి ఇటు రాకూడదు.

నల్లిని నల్లితో పట్టడం వీలవుతుందా?

వీలవుతుంది. కొబ్బరికాయ ముచ్చిక కింద గోధుమరంగు త్రికోణపు మచ్చ, పగుళ్లు, జిగురు మీరు చూసే ఉంటారు. అది ఇరియోఫిడ్ నల్లి పని. కంటికి ఆనదు, మిల్లీమీటరులో అయిదో వంతే. 1998లో కేరళలో మొదట కనిపించింది, తర్వాత మన తోటల్లోకీ వచ్చింది. ముచ్చిక రెక్కల కింద దాగి ఉంటుంది కాబట్టి మందు చేరదు. అదే ఇరుకులోకి దూరి దాన్ని తినే పరభక్షక నల్లులున్నాయి, వాటిలో ముఖ్యమైనది నియోసీలస్ బరాకి. శ్రీలంక కొబ్బరి పరిశోధన సంస్థ ఈ నల్లిని నిల్వ ధాన్యంలో బతికే ఇంకో నల్లి మీద పెంచి, పొట్లాల్లో కట్టి చెట్ల మీద వదిలే పద్ధతిని తయారుచేసింది.

నల్లితో నల్లిని పట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. హాలండ్‌లో దోసకాయలు పండించే యాన్ కోపర్ట్ అనే రైతు ఎర్రనల్లి బాధ పడలేక, దాన్ని తినే నల్లిని పెంచడం మొదలుపెట్టి 1967లో సంస్థ స్థాపించాడు. ఆ నల్లి ఎర్రనల్లిని తప్ప ఇంకేదీ తినదు. కాబట్టి ఒక గదిలో చిక్కుడు మొక్కలు, రెండో గదిలో వాటి మీద ఎర్రనల్లి, మూడో గదిలో వేటగాడు. ఈ మూడు మెట్లూ తప్పవు. వేరే రకం నల్లులైతే తవుడులో పెరిగే చిన్న నల్లుల్ని తిని బతుకుతాయి. తవుడు, మేతనల్లి, వేటనల్లి మూడూ కలిపి కాగితపు పొట్లంలో కట్టి కొమ్మకు వేలాడదీస్తే, కొన్ని వారాల పాటు అందులోంచి వేటనల్లులు బయటకు వస్తూ ఉంటాయి. ఎక్కడైనా సూత్రం ఒక్కటే. ముందు మేత, తర్వాత మిత్రుడు.

తోటలో ఎలా వదలాలి?

మిత్రపురుగు ప్రాణమున్నది. మందు డబ్బాలా అటక మీద దాచుకోవడానికి లేదు. తెచ్చిన రోజో మర్నాడో వదలాలి. సాయంత్రం చల్లబడ్డాక వదలడం మంచిది. ట్రైకోకార్డును ముక్కలుగా కత్తిరించి, ఎండ, వాన తగలకుండా ఆకు అడుగున పిన్ను కొట్టాలి. నేల మీదో గట్టు మీదో పెడితే తెల్లారేసరికి చీమలు మోసుకుపోతాయి. వరికి, చెరకుకు సాధారణంగా హెక్టారుకు ఒక్కోసారి 50 వేల చొప్పున, వారం పది రోజుల ఎడంతో చాలాసార్లు వదలమంటారు. పురుగు గుడ్లు పెట్టే దశలోనే వదలాలి, ఎందుకంటే ట్రైకోగ్రామా గుడ్డును మాత్రమే పట్టగలదు. గొంగళి కాండంలోకి దూరాక కార్డు కట్టినా ఫలితం లేదు.

నల్లతల పురుగుకైతే గొంగళి దశ ఏది, గూటి దశ ఏది అని చెట్టుకు కొన్ని ఈనెలు చీల్చి చూసి, దాన్ని బట్టి బదనికను ఎంచుకోవాలి. బాగా ఎండిన కింది మట్టలు కొట్టి, కాల్చిన తర్వాత వదిలితే భారం తగ్గుతుంది.

ఎన్‌కార్సియాను గదిలో పెంచడం కష్టం, దానికి బతికున్న తెల్లదోమే కావాలి. అందుకని అది బాగా ఉన్న తోటలోంచి ఆకు ముక్కలు తెచ్చి, లేని తోటలో మట్టలకు కడతారు. తోటలో అరటి, మెట్టతామర మొక్కలు ఉంటే ఎన్‌కార్సియా వాటి మీదా నిలిచి పెరుగుతుంది. కోనసీమలో కొబ్బరి కింద అరటి వేయడం పాత అలవాటే. ఆ అలవాటుకు ఇది అదనపు మేలు.

వదిలిన ముందూ వెనకా మందు కొట్టకూడదు. పక్క రైతు కొడితే గాలికి అదీ తగులుతుంది. కాబట్టి ఒక్కరు చేస్తే సగం ఫలితమే, ఊరంతా కలిసి చేస్తే నిండు ఫలితం.

ఇంత మంచిదైతే అందరూ ఎందుకు వాడటం లేదు?

మందు కొడితే సాయంత్రానికి చచ్చిన పురుగులు కళ్ల ముందు రాలతాయి. మిత్రపురుగు పని కంటికి కనబడదు, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. అప్పు తెచ్చి సాగుచేసే రైతును ఓపిక పట్టమనడం తేలిక కాదు. ఇంకొకటి, మందు అన్ని ఊళ్లలో ప్రతి కొట్టులో దొరుకుతుంది. కార్డు కోసం దూరం వెళ్లాలి, వెళ్లిన రోజు అది సిద్ధంగా ఉండాలి. కార్డు కావాలన్న కబురు 40 రోజుల ముందే ప్రయోగశాలకు అందాలి, ఎందుకంటే కోర్సిరా పళ్లెం ఆ రోజు వేస్తేనే ఈ రోజుకు గుడ్డు వస్తుంది.

నాణ్యత కూడా సమస్యే. ఏళ్ల తరబడి గదిలోనే పెరిగిన పురుగులు బద్ధకిస్తాయి, ఎగరలేవు, ఆడవి తగ్గిపోతాయి. మంచి ప్రయోగశాల తోటలోంచి కొత్త పురుగుల్ని తెచ్చి తరచూ కలుపుతుంది. కార్డు కొనేటప్పుడు గుడ్లు నల్లగా ఉన్నాయా, తయారైన తేదీ ఏది అని అడగండి. చిన్న ముక్క కత్తిరించి గాజు సీసాలో వేసి ఇంట్లో ఉంచండి. రెండు మూడు రోజుల్లో సీసా గోడల మీద బుల్లి కందిరీగలు పాకితే కార్డు మంచిది.

తెచ్చిన మిత్రుడే శత్రువైతే?

ఆ భయం న్యాయమైనదే. 1935లో ఆస్ట్రేలియా చెరకు తోటల్లో పురుగుల్ని తింటుందని పెద్ద కప్పను తెచ్చి వదిలారు. అది చెరకు పురుగును వదిలేసి కనిపించిన జీవినల్లా తింటూ ఆ ఖండంలో ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో చాలా దూరం పాకింది. ఏదైనా తినే జీవిని తెచ్చినందుకు ఆ దేశం ఇప్పటికీ మూల్యం చెల్లిస్తోంది. అందుకే ఇప్పుడు బయటి దేశం నుంచి ఏ మిత్రపురుగు వచ్చినా ముందు తలుపులు బిగించిన గదిలో ఉంచి, అది ఇంకేం తింటుందో పరీక్షించి, ఆ తర్వాతే వదులుతారు. మన తోటల్లోనే పుట్టిన గోనియోజస్‌ను, డైకోక్రైసాను పెంచడంలో ఆ భయం లేదు. ఇక్కడున్న వాటికే మరికొంత బలగం కలుపుతున్నామంతే.

చివరగా ఒక మాట. ఈసారి మీ కొబ్బరి మట్టకు తెల్లదోమ పట్టిందనిపిస్తే, మందు డబ్బా కోసం వెళ్లే ముందు ఒక ఆకు కోసి, భూతద్దంతో అడుగున చూడండి. దోమ పిల్ల డొల్లకు చీలిక ఉంటే అందులోంచి దోమ బయటకు వెళ్లింది. చక్కటి గుండ్రటి రంధ్రం ఉంటే అందులోంచి మిత్రుడు బయటకు వచ్చాడు. గుండ్రటి రంధ్రాలు ఎక్కువగా కనబడితే ఆ తోటలో పని అప్పటికే మొదలైంది. దయచేసి మందు కొట్టకండి, వాటిని పని చేసుకోనివ్వండి.